విశ్వసాహిత్యమునకు ఒక్కటే వాకిలియా?

మొన్నటి సంక్రాంతి సెలవులలో మా పూర్వవిద్యార్థిని యొకతె మమ్ములను చూడవచ్చినది. ఆఱవ తరగతినుండి పదియవ తరగతివఱకు మాయొద్ద చదివి, నేఁడొక విశ్వవిద్యాలయమున ఇంగ్లీషు ఎం.ఏ. చదువుచున్నది. తల్లి యింటివద్ద మిషను కుట్టి ఆమెను చదివించుచున్నది. వచ్చునప్పుడు ఆ బాలిక తనతో ఒక నోటుపుస్తకమును తెచ్చెను. అందు పరీక్షకై వ్రాసికొన్న పాఠములు లేవు. తాను చదివిన గ్రంథములు చదివించిన కొలఁదిని తనలోఁ బుట్టిన తలఁపులు, సందేహములు, సిగ్గులు అందుఁ గలవు. "మాస్టారూ, ఇవి మార్కులకు పనికిరావఁట. మీరైనను ఒకమాఱు చూడుఁడు" అని మా చేతఁబెట్టినది. ఆ రాత్రి మేమా పుస్తకమును ఆసాంతము చదివితిమి. ఈ వ్యాసము దాని ఫలము. ఆమె యనుమతితోనే యందలి సంగతులను వ్రాయుచున్నాము. పేరు మాత్రము చెప్పము.

ఆమె చదువుపట్టికలో 'వలసానంతర సాహిత్య'మనియు, 'విశ్వసాహిత్య'మనియు రెండు పత్రములు కలవు. నైజీరియా రచయిత చినువా అచెబె 1958లో ప్రకటించిన 'థింగ్స్ ఫాల్ అపార్ట్' నవల, కెన్యా రచయిత గూగీ వా థియాంగో 1986లో ప్రకటించిన 'డీకాలనైజింగ్ ది మైండ్' అను వ్యాసగ్రంథము, సూడాను రచయిత తాయెబ్ సాలిహ్ 1966లో అరబ్బీభాషలో వెలువరించిన నవలకు ఇంగ్లీషు సేఁత, ఇట్టివి అందున్నవి. అన్నియు ఉత్తమగ్రంథములే. మా కళాశాలదినములలో ఇంగ్లీషు సాహిత్యమనఁగా ఇంగ్లండు సాహిత్యమే. డాఫొడిలు పూవును కన్నులఁ జూడకయే దానిపై పద్యమును కంఠస్థము చేసితిమి. అట్టి మాకు ఈ పట్టిక చూచి మిక్కిలి సంతోషము కలిగినది. ఆ సంతోషము నోటుపుస్తకపు మూఁడవ పుటవఱకే నిలిచినది.

మూఁడవ పుటలో ఆమె యిట్లు వ్రాసికొన్నది. అచెబె వర్ణించిన ఉమువోఫియా గ్రామమున, ఇచ్చిన అప్పు అడుగవచ్చిన పెద్దమనిషి సైతము ఆ మాట సూటిగా ఎత్తఁడు. ముందు కొన్ని సామెతలు చెప్పి, పిమ్మట విషయమునకు వచ్చును. తన నాయనమ్మయు అంతే. సామెత లేక ఆమె నోట మాట రాదు. అందుచేత మా విద్యార్థిని ఆ నవల చదువుచు, ఒక్కొక్క ఇగ్బో సామెత ప్రక్కను అంచులో నాయనమ్మ సామెత నొక్కటి వ్రాసికొనుచుఁ బోయినది. పరీక్షలో ఆ నవలపై ప్రశ్న రాఁగా, ఈ పోలికను ఒక పేరాలో వ్రాసెను. దిద్దినవారు ఆ పేరాపై ఎఱ్ఱగీఁత గీచి 'అప్రస్తుతము' అని యింగ్లీషులో వ్రాసిరి. నవల తెఱవకయే గైడుపుస్తకమునుండి ముగ్గురు విమర్శకుల పేర్లు వల్లించిన తోడివారికి ఎక్కువ మార్కులు వచ్చినవి.

మార్కులు పోయినందులకు మేము వగచుట లేదు. కాని యా నవల తుదిభాగము చదివినవారికి జ్ఞాపకముండును. ఒకొంకొ యను మనుష్యుని బ్రతుకును మనము ఇరువదియైదు అధ్యాయములలో చదివి, వాని గుణమును దోషమును ఎఱిఁగి, వాని చావునకు వగచుచుండఁగా, జిల్లా కమిషనరైన దొర వచ్చును. తాను వ్రాయఁబోవు పుస్తకములో ఈతనికొక అధ్యాయ మీయవచ్చునా, కాదు, ఒక పేరా చాలునా యని ఆ దొర తలపోయును. దొర చేసిన తప్పేమి? ఒక బ్రతుకును తన గ్రంథమునకు ఎంత పనికివచ్చునో అంతవఱకే చూచుట. ఆ తప్పును వివరింపుమని ప్రశ్నపత్రమున నడిగి, ఆ తప్పునే జవాబుపత్రముపైఁ జేసిన విద్యను ఏమనవలెనో చదువరులే చెప్పవలెను.

ఎనిమిదవ పుట మాకు మఱింత కష్టము కలిగించినది. గూగీ తన చిన్ననాఁటి బడినిగూర్చి చెప్పిన సంగతి లోకప్రసిద్ధము. బడి పరిసరములలో గికూయుభాష మాటాడి పట్టువడిన పిల్లవానికి బెత్తపుదెబ్బలు పడును. లేదా తాను గాడిదననియో, తెలివిమాలినవాఁడననియో వ్రాసిన లోహపుపలకను మెడను వ్రేలాడఁదీయుదురు. పట్టుకొను విధము ఇంకను ఘోరము. ఉదయమున ఒక పిల్లవాని చేతికి ఒక గుండీ నిత్తురు. మాతృభాష పలికినవాఁ డెవఁడు వినఁబడిన వానికి దానిని చేర్పవలెను. వాఁడు మఱియొకనికి చేర్పవలెను. సాయంకాలమున గుండీ యెవనియొద్ద నున్నదో, వాఁడు తనకిచ్చినవాని పేరు చెప్పును. అట్లు పేరువెంట పేరుగా ఆ దినపు దోషులందఱును బయటఁబడుదురు. పసివాండ్రకు తోడివారిపై ద్రోహము నేర్పుటకు ఇంతకంటె తగిన యుపాయము లేదు.

ఇది ఆఫ్రికాకథ గదా యని తలఁచువారికి ఒక సంగతి జ్ఞాపకము చేయుచున్నాము. 2009లో మన కడపజిల్లా మైదుకూరులో, ఒక యింగ్లీషు మీడియము బడియందు తెలుఁగు మాటాడిన పిల్లల మెడలలో, తాము తెలుఁగు మాటాడమని వ్రాసిన పలకలు వ్రేలాడఁదీసిరి. పత్రికలు వ్రాసినవి, అలజడి చెలరేఁగినది, కొన్నాళ్లకు మఱచితిమి. మా విద్యార్థిని చిన్ననాఁడు చదివిన బడిలో పలక లేదు. తెలుఁగుమాటకు ఒక రూపాయి జరిమానా యుండెను. ఆ రూపాయలు అమ్మ నడుగుటకు సిగ్గుపడి, మూఁడవ తరగతిలో కొన్ని నెలలపాటు తాను బడిలో నోరే తెఱవలేదని యామె వ్రాసికొన్నది. దాని క్రిందనే యీ ప్రశ్న యున్నది: "గూగీ పాఠమును ఇంగ్లీషులోనే చదివి, ఇంగ్లీషులోనే వ్రాసి, మంచి మార్కులు తెచ్చుకొంటిని. ఇప్పుడు ఆ గుండీ నా చేతిలో నున్నదా, లేదా?"

ఈ ప్రశ్న మమ్ములను గ్రుచ్చినది. ఏలయన మేమును నిర్దోషులము కాము. ఉద్యోగమున చేరిన క్రొత్తలో, ఇంగ్లీషు గంటలో తెలుఁగు పలికిన పిల్లవానిని బెంచీపై నిలువఁబెట్టినవారము. వాని మేలు కోరియే యట్లు చేయుచున్నామని మనసారా నమ్మితిమి. గూగీ బడిలో బెత్తము పట్టినవారును అట్లే నమ్మియుందురు. మేము మాన్పింపఁగోరునది ముందు మాలో మాన్పించుకొనవలసినదే యని యొప్పుకొని, ముందునకు పోవుచున్నాము.

పదునాలుగవ పుటలోని సంగతి ఈ వ్యాసమునకు ప్రాణము. దసరా సెలవులలో ఒక రాత్రి తల్లి రవికలకు హుక్కులు కుట్టుచు, "ఎప్పుడును ఆ పుస్తకమే పట్టుకొని కూర్చుందువు, అందేమున్నదే?" అని యడిగినది. కూఁతురు చెప్పఁబోయి తడఁబడినది. ఆ పుస్తకమునుగూర్చి ఆమెకు అలవడిన మాటలు కలోనియలిజము, ఐడెంటిటీ, మాస్క్యులినిటీ అనునవి. ఆ మాటలతో తల్లికి చెప్పఁదగిన కథ లేదు. ఒకొంకొ తన కష్టమంతయు ధారపోసి పండించిన 'యామ్' అను దుంప యేదియో, అంతకాలము చదివియు ఆమె విచారింపలేదు. అప్పుడు వెదకి, అది మన పెండలము జాతిదని తెలిసికొన్నది. "పెండలమా? మా పుట్టింటి పెరటిలో ఆ తీఁగకు పందిరి వేసెడివారము" అని తల్లి దగ్గఱకు జరిగి కూర్చున్నది.

అంతట కథ నడచినది. పరాయియూరినుండి వచ్చి ఒకొంకొ యింట మూఁడేండ్లు పెరిగిన ఇకెమెఫూనా యను పిల్లవాఁడు అతనిని తండ్రీ యని పిలుచును. ఊరి దైవవాక్కు ప్రకారము ఆ పిల్లవానిని చంపవలసి వచ్చినది. నిన్ను తండ్రి యనుచున్నవాని చావులో నీవు చేయి పెట్టవలదని ఊరి వృద్ధుఁ డొకఁడు ముందుగానే చెప్పెను. అయినను, కత్తివ్రేటు తగిలిన పిల్లవాఁడు తండ్రీ యని తనవైపే పరుగెత్తి వచ్చుచుండఁగా, నలుగురు తన్ను పిఱికి యందురేమో యని ఒకొంకొ తానే వానిని నఱికెను. ఇంతవఱకు విని తల్లి సూది ఆపివేసినది. కొంతసేపటికి, "పిఱికివాఁ డనిపించుకోరాదని చంపినాఁడా? అదే గదే పిఱికితనము!" అన్నది.

అయిదవ తరగతితో చదువు మానిన స్త్రీ పలికిన మాట యిది. విమర్శకులు పుటలకొలఁది వ్రాసి నిరూపించు సంగతిని ఆమె కుట్టుపని నడుమ ఒక్కమాటలోఁ దేల్చినది. ఆమె కెవరును వలసానంతర సిద్ధాంతమును బోధింపలేదు. కథ తెలుఁగున వినఁబడినది. పెండలము తన పెరటిది. పిల్లవాని చావు ఏ తల్లికైనను తెలియును. అంతే కావలసినది. తన చదువులో తాను మొదటిసారి ఒక గ్రంథమును నిజముగా చదివినది ఆ రాత్రియే యని మా విద్యార్థిని వ్రాసికొన్నది.

ఇందుండి మేము తీయు సిద్ధాంత మొక్కటే. పరదేశపు గ్రంథము మన భాషలోనికి వచ్చి, మనవారి నోట నానినప్పుడే అది మనకు విశ్వసాహిత్యమగును. అంతవఱకు అది పరీక్షాసాహిత్యము మాత్రమే. విశ్వసాహిత్యమను నింటికి మనము ఒక్క వాకిలియే తెఱచితిమి. ఆ వాకిట ఇంగ్లీషు రానివారిని నిలిపివేయుటకు కావలి పెట్టితిమి. అంతటితో పోలేదు. లోపలికిఁ బోయినవారు వెలుపలికి వచ్చి, తాము చూచినది ఇంటివారికి చెప్పుటకును మాటలు లేకుండఁ జేసితిమి. పరభాష దొరతనమును ధిక్కరించిన గ్రంథమును, ఆ పరభాషకు ఇంకొక మెట్టు కట్టుటకు వాడుకొనుచున్నాము. ఇది గ్రంథకర్తలకు ద్రోహము. విద్యార్థులకు అంతకు మించిన ద్రోహము.

మమ్ములను ఇంగ్లీషునకు శత్రువులనుగా నెంచవలదు. ఇంగ్లీషు చెప్పియే మేము పొట్టపోసికొనుచున్నాము. నడిమిభాషద్వారా ఒక గ్రంథమును చదువుట దోషమని మేమనము. 1789లో సర్ విలియం జోన్సు శాకుంతలమును ఇంగ్లీషు చేసెను. అందులకు ముందు దానిని లాటినుభాషలోనికి మార్చుకొనెను. 1791లో గేయోర్గ్ ఫోర్‌స్టరు ఆ యింగ్లీషునుండి జర్మను చేసెను. మహాకవి గేటే చదివి పరవశుఁడైనది ఆ జర్మను శాకుంతలమునే. మూఁడు భాషలు దాఁటి కాళిదాసు గేటేను చేరెను. ఆ గేటేయే 1827 జనవరిలో శిష్యుఁడైన ఎకర్మానుతో ఒక చీనా నవలనుగూర్చి ముచ్చటించుచు, ఇఁక విశ్వసాహిత్యపు కాలము వచ్చుచున్నదని చెప్పెను. ఆ నవలను ఆయన చీనాభాషలోఁ జదువలేదు. ఆ మాట పుట్టుకయే అనువాదములలో నున్నది. అయితే ఇందు గమనింపవలసినది ఒకటి కలదు. ఫోర్‌స్టరు ఇంగ్లీషు చదివి, తనకు తెలిసినది చాలునని ఊరకుండలేదు. ఇంగ్లీషు రాని తన జనులకు దానిని చేర్చెను. మన ఎం.ఏ.లు ఏఁటేఁట వేలకొలఁది బయటికి వచ్చుచున్నారు. వారిలో ఫోర్‌స్టరు చేసిన పని చేయుమని యడుగఁబడినవా రెందఱు?

మఱియొక పక్షమువారు కలరు. వీరికి విదేశగ్రంథము పేరెత్తిననే కోపము. మన పురాణములు చాలవా, మన కావ్యములు చాలవా యందురు. వారికి మా మనవి. తెనుఁగు కావ్యమునకు ఆదియే అనువాదము. పదునొకండవ శతాబ్దిలో రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయభట్టు సంస్కృతభారతమును తెనిఁగింపఁబూనెను. సంస్కృతము తెలిసినవారికి ఆ పని యక్కఱలేదు. తెలియనివారి కొఱకే యది జరిగినది. వీరేశలింగముపంతులుగారి 'రాజశేఖర చరిత్రము'నకు గోల్డుస్మితు నవల ప్రేరకము. అయినను అందలి ధవళేశ్వరము మనది; అందలి మూఢనమ్మకములును మనవే. ఆ తెనుఁగు నవల తిరిగి 1887లో 'ఫార్చ్యూన్స్ వీల్' అను పేర ఇంగ్లీషైనది. పుచ్చుకొన్నవాఁడు ఇచ్చినవాఁడును ఆయెను. తలుపులు మూసికొని యుండినచో మనకు భారతమును లేదు, నవలయు లేదు.

ఇఁక మన చదువులలోని విచిత్రమును చూడుఁడు. గూగీ ఇంగ్లీషులో నవలలు వ్రాసి కీర్తిగాంచినంతకాలము ఆయనను కెన్యా ప్రభుత్వము చెఱఁబెట్టలేదు. 1977లో కమిరీతు గ్రామమున రైతులతోను కూలీలతోను గికూయుభాషలో నాటకము ఆడించెను. ఆ సంవత్సరము డిసెంబరు కడపట ఆయనను నిర్బంధించిరి. విచారణ లేక ఇంచుమించు ఏడాది చెఱలో నుండెను. ఆ చెఱలోనే మరుఁగుదొడ్డి కాగితములపై గికూయులో నొక నవల వ్రాసెను. ఇది మా విద్యార్థిని పాఠములలో నున్నది, మంచిదే. కాని దానికి అర్ధశతాబ్దికి ముందే ఉన్నవ లక్ష్మీనారాయణగారు వేలూరు చెఱలో 'మాలపల్లి' వ్రాసిరనియు, 1922లో వెలువడిన యా నవలను మదరాసు ప్రభుత్వము నిషేధించెననియు ఆమె యెఱుఁగదు. భూమి, చట్టము, తెల్లదొరతనము వీని నడుమ చిదికిపోయిన పేదలకథను పొరుగున ఒడియాలో ఫకీర్ మోహన్ సేనాపతి పందొమ్మిదవ శతాబ్ది కడపటనే వ్రాసెను. 'ఛ మాణ ఆఠ గుంఠ' అను నా నవలలో జమీందారు చేతఁజిక్కిన ఆఱు మాణముల యెనిమిది గుంటల నేల ఒక నేఁతదంపతులది. ఆ పేరును ఆమె వినలేదు. లేగోసునకు దారి తెలిసిన బిడ్డకు పొరుగింటి త్రోవ తెలియదు. తప్పు బిడ్డది కాదు.

తప్పు గోడది. మన విశ్వవిద్యాలయములలో తెలుఁగుశాఖ ఒక భవనము, ఇంగ్లీషుశాఖ యొక భవనము. ఒకచోట మాలపల్లి, మఱియొకచోట గూగీ. ఇరువురు ఖైదీలును ఒకరి నొకరు కలిసికొనుటకు వీలులేదు. తెలుఁగుశాఖవారు అచెబెను మాకు సంబంధింపని విషయమందురు; ఇంగ్లీషుశాఖవారు నాయనమ్మ సామెతను అప్రస్తుత మందురు. 1968లో నైరోబి విశ్వవిద్యాలయమున గూగీ, టబన్ లో లియోంగ్, హెన్రీ ఒవూర్ అన్యుంబా యను ముగ్గురు అధ్యాపకులు ఇంగ్లీషుశాఖను తొలఁగింపుఁడని యొక పత్రము వ్రాసిరి. ఇంగ్లీషు చదువవలదని వారనలేదు. ఆఫ్రికా సాహిత్యమును, అందును నోటిపాటలను కథలను, నడుమ నుంచి, లోకపు తక్కిన సాహిత్యములను దానిచుట్టు అమర్చి చదువవలెననిరి. ఈ పత్రమును మన విద్యార్థులు పరీక్షలకు కంఠస్థము చేయుచున్నారు. తమ చదువులో నడుమ ఏమున్నది యని మాత్రము వారినెవరును అడుగరు.

1835లో మెకాలే మన గ్రంథములన్నిటిని ఐరోపా గ్రంథముల యెదుట నిలిపి తక్కువకు తూచెను. ఆ తూకము మానితిమని మనము గర్వించుచుండఁగా, 1997లో సల్మాన్ రష్దీ తాను కూర్చిన యొక సంకలనమునకు పీఠిక వ్రాయుచు, స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట భారతీయులు ఇంగ్లీషులో వ్రాసిన వచనము, మన దేశభాషలన్నిటిలో వచ్చినదానికంటె బలమైనదనియు ముఖ్యమైనదనియు తీర్పు చెప్పెను. ఆ సంకలనమున దేశభాషలనుండి అనువదించి చేర్చినది మంటో ఉర్దూకథ యొక్కటియే. ఆ తీర్పు చెప్పునప్పుడు ఆయన యెదుట నున్నవి అనువాదములే. రావిశాస్త్రి వచనమును, చాసో కథను తెలుఁగున చదువక వానిని తూచుట యెట్లు? కాని రష్దీని తిట్టి ప్రయోజనము లేదు. మన బిడ్డలే రావిశాస్త్రిని చదువనప్పుడు, ఆయన తీర్పును నిజము చేయుచున్నది మనమే.

ఇచ్చట అచెబె పక్షమును మఱుఁగుపఱుచుట న్యాయము కాదు. ఆయన ఇంగ్లీషులోనే వ్రాసెను. అందులకు సమాధానమును చెప్పెను. వందలకొలఁది భాషలున్న తన దేశమున అందఱికి అందునది అదియే యనియు, ఆ యింగ్లీషును తన యవసరమునకు తగినట్లు వంచుకొందుననియు ఆయన వాదము. గూగీ యిందుల కొప్పుకొనలేదు. ఈ ఇరువురి వాదమును తీర్చుటకు మేము తగము. కాని యొక లెక్క చెప్పుదుము. 2019 కెన్యా జనగణనమున గికూయు జాతివారు ఇంచుమించు 81 లక్షలు. 2011 భారత జనగణనమున తెలుఁగు మాతృభాషగాఁ గలవారు 8 కోట్ల 11 లక్షలు. మనలో పదియవవంతు జనముగల భాషలో వ్రాయుటకై గూగీ చెఱకుఁ బోయెను. మనము మన భాషలో నొక వ్యాసము వ్రాయుటకు మార్కులు పోవునని జంకుచున్నాము.

"అనువదించినను చదువువారెవరు?" అని కొందఱు పెదవి విఱిచెదరు. వారికి రెండు నిదర్శనములు. అమెరికాలోని నల్లజాతి రచయిత అలెక్స్ హేలీ వ్రాసిన 'రూట్స్' గ్రంథమును సహవాసిగారు 'ఏడు తరాలు' అను పేర తెనిఁగింపఁగా, హైదరాబాదు బుక్ ట్రస్టువారు ప్రకటించిరి. ఇంగ్లీషు ముక్క రానివారు, ఏ విశ్వవిద్యాలయపు గడపయు త్రొక్కనివారు, ఆ పుస్తకమును చేతులు మార్చుకొని చదివిరి. కుంటా కింటే పేరు మన పల్లెలకును చేరినది. రెండవది గూగీ చెఱలో వ్రాసిన నవలయే. 1980లలో చెఱలోనున్న వరవరరావుగారు దానిని 'మట్టికాళ్ల మహారాక్షసి' యని తెలుఁగు చేసిరి. ఆయన రాజకీయములతో ఏకీభవింపనివారును ఇందలి విశేషమును కాదనలేరు. ఒక చెఱలో గికూయున పుట్టిన గ్రంథము, మఱియొక చెఱలో తెలుఁగైనది. ఈ సంగతిని మా విద్యార్థినికి గూగీ పాఠము చెప్పినవారెవ్వరును చెప్పలేదు. వారికిని తెలియదేమో. గోడ అంత యెత్తైనది.

కావున మేము కోరునవి మూఁడు. మొదటిది: ఇంగ్లీషు ఎం.ఏ. చదువు ప్రతి విద్యార్థియు పట్టము పొందుటకు ముందు, తాను చదివిన పరదేశగ్రంథములలో నొకదానినుండి ఒక అధ్యాయమునైనను తెలుఁగు చేయవలెను. లేదా దానిపై తెలుఁగున నొక వ్యాసము వ్రాయవలెను. దానికి మార్కులుండవలెను. పెండలము పేరు వెదకిన దినముననే ఆ పిల్లకు ఆ గ్రంథము తెలిసినదని మఱవరాదు. రెండవది: తెలుఁగుశాఖలలో విశ్వసాహిత్యమును తెలుఁగు అనువాదములలో చదివింపవలెను, రెండు శాఖలవారును కలిసి మాలపల్లిని, గూగీని, సేనాపతిని ఒకే గదిలో చెప్పవలెను. మూఁడవది మా వంటి బడిపంతుళ్లకు. వారమునకొక గంట, పరీక్షతో నిమిత్తము లేక, ఒక దేశాంతరపు కథను పిల్లలకు తెలుఁగున చదివి వినిపింపవలెను. ఇందులకు ప్రభుత్వపుటుత్తరువు అక్కఱలేదు. ఒక పుస్తకము, ఒక గొంతు చాలును. మా తరగతిలో ఈ గంటను ప్రారంభించితిమి. ఇంగ్లీషు గంటలో తెలుఁగు పలికినవానిని బెంచీ యెక్కించుట యెన్నఁడో మానితిమి. ఇప్పుడు వానినే మొదట లేపి, ఆ కథ మీ యింటిలో నెట్లు చెప్పుదువో చెప్పుమని యడుగుచున్నాము.

సెలవులు ముగిసి పోవునప్పుడు మా విద్యార్థిని నోటుపుస్తకమును తీసికొనుటకు వచ్చినది. "మాస్టారూ, ఇందేమైన పనికివచ్చునా?" అని యడిగినది. మాకు తోఁచినది చెప్పితిమి. అంచులలో నాయనమ్మ సామెతలు వ్రాసిన పుటలను చింపవలదనియు, తక్కిన నవలను కూడ రాత్రికొక అధ్యాయము చొప్పున తల్లికి చెప్పుమనియు, చెప్పినది చెప్పినట్లు తెలుఁగున వ్రాసియుంచుమనియు అంటిమి. ఆమె నవ్వి, "అమ్మ ఇప్పటికే అడుగుచున్నదండి, ఆ తరువాత ఒకొంకొ ఏమైనాఁడని" యన్నది.

చదువరులారా, మీ యిండ్లలోను ఇట్లడుగువా రుందురు. వారికి జవాబు చెప్పలేని చదువును మన బిడ్డలకు ఇంకెంతకాలము చెప్పింతము?